అలకపాన్పు ముందు తైవాన్ సైకిలు

మా బావ అలిగి పట్టుకుపోయిన సైకిలు నాది. ఈ మాట నలుగురిలో నిలబడి అనడానికి నాకు పాతికేళ్ల పైనే పట్టింది. అన్నాక ఏం జరిగిందో చెబుతాను. విని ఎవరూ నన్ను మంచిదాన్ని అనుకోనక్కర్లేదు.

మాది రాజాం. నాన్నకి ధాన్యం వ్యాపారం. అక్కా నేనూ ఇద్దరమే. మా మేనమామ ఓడల్లో ఇంజను గదిలో పనిచేసేవాడు. ఎప్పుడో ఒకసారి విశాఖ రేవులో దిగి, పెట్టెలన్నీ బస్సు టాపు మీద వేయించుకుని మా ఇంటికి వచ్చేవాడు. అమ్మకి చీర, నాన్నకి టార్చిలైటు, అక్కకి సెంటుసీసా తెచ్చేవాడు. ఒక సెలవులో నేను నాన్న కొట్టు సైకిలు తొక్కడం చూశాడు. అడ్డకమ్మీ కిందనుంచి కాలు దూర్చి, ఒంటిని వంకర చేసి తొక్కుతున్నాను. నేను ఇంటర్‌లో ఉండగా మళ్లీ వచ్చినప్పుడు, గోనెపట్టాలో చుట్టిన కట్ట ఒకటి నా ముందు దింపాడు. "ఇది నీదే. ఇంకెవరికీ ఇయ్యకు," అన్నాడు.

ముదురు ఎరుపు రంగు సైకిలు. సన్నటి ఉక్కు గొట్టాలు, మా వైపు ఎవరూ చూడని గేర్లు. ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండేది. ముందు గొట్టం మీద ఎగిరే పిట్ట బొమ్మతో చిన్న రేకు బిళ్ల. లంగా బొడ్లో దోపి నేను దాని మీద పోతుంటే బజారంతా తలలు తిప్పి చూసేది. చూస్తే చూడనీ అనుకునేదాన్ని. అందరూ దాన్ని జపాన్ సైకిలు అనేవారు. మామయ్యా అలాగే చెప్పాడు. ఆ రోజుల్లో మా వైపు ఓడలో వచ్చిన మంచి వస్తువు ఏదైనా జపానుదే.

ఆ ఏడే అక్క పెళ్లయింది. బావది విజయనగరం, కిరాణా హోల్‌సేల్ కుటుంబం. పెళ్లయ్యాక మాలో అలకపాన్పు వేడుక ఉంటుంది. పూలు కట్టిన మంచం మీద కొత్త అల్లుడు మూతి ముడుచుకుని కూర్చుంటాడు. అత్తవారు బతిమాలి, అతను కోరింది చేతిలో పెడితే లేస్తాడు. కోరేదేమిటో పెద్దలు ముందే మాట్లాడుకుంటారు. మాకు చేతిగడియారం అని చెప్పారు, గడియారం పళ్లెంలో సిద్ధంగా ఉంది. బావ దాని వైపు చూసి, ముఖం తిప్పుకుని, వీధి అరుగుకి ఆనించి ఉన్న సైకిలు వైపు వేలు చూపించాడు.

"నాకా జపాన్ సైకిలు కావాల. నేకపోతే లేవను."

అందరూ చప్పట్లు కొట్టారు. మామయ్య అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. నాన్న నా వైపు ఒకసారి చూసి, నన్నేమీ అడక్కుండానే, "అంతకన్నానా అల్లుడూ, పట్టుకెళ్లు," అన్నాడు. అక్కడ పెద్దవాళ్లు ఇంతమంది ఉండగా ఆడపిల్ల 'ఇవ్వను' అంటే ఊరుకుంటారా? నేను నోరు మూసుకున్నాను. సైకిలుకి పసుపు రాసి బొట్టు పెట్టడానికి లోపలికి తెస్తే, కొట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి అందరూ చూస్తుండగానే పిట్టబొమ్మ బిళ్ల పీకేశాను. పోతే పో, దీన్ని మాత్రం నువ్వు తీసుకుపోలేవు అనుకున్నాను. ఆ బిళ్ల నాతోపాటే ఉంది, నా పెళ్లయి అత్తవారింటికి వచ్చినప్పుడు కూడా.

అక్కడితో అయిపోతే నా కోపం కూడా ఎప్పుడో చల్లారిపోయేది. పండక్కి వచ్చిన బావ, ఇంటి ముందు పెట్టిన సైకిలుని దొంగలెత్తుకుపోయారని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "మరదలే మనిషిని పెట్టి ఎత్తించీసింటాది మావా. ఆ బొమ్మ పీకీసినప్పుడే తెలిసింది దాని కడుపుమంట," అని నవ్వాడు. అతనికి అది వేళాకోళం. నాన్నకి కాదు. నన్ను లోపలికి పిలిచి నిలదీశాడు. అమ్మ తోడు అన్నాను, దేవుడి గది గుమ్మం పట్టుకుని చెప్పాను. నమ్మలేదు. కొత్త అల్లుడు అబద్ధం ఎందుకు ఆడతాడు అని అడిగాడు. అల్లుడికిచ్చిన వస్తువుని మాయం చేసిన కూతురిగానే నన్ను చూస్తూ చూస్తూ నాన్న పోయాడు. మామయ్య వచ్చి సంగతి విన్నాడు. ఆ తర్వాత నాకేమీ తేలేదు.

బావ మాత్రం మర్చిపోలేదు. నేను విజయనగరంలో వాళ్ల గుమ్మం ఎక్కానంటే చాలు, "మరదలొచ్చింది, సైకిళ్లు లోపల పెట్టండర్రా!" అని అరిచేవాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఆఖరికి నాన్న పెద్దకర్మ నాడు కూడా. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఒక్కో నవ్వూ లోపల ఎక్కడో పేరుకుపోయింది. నీ నోటితోనే నిజం చెప్పించకపోతే చూడు బావా అని ప్రతిసారీ అనుకునేదాన్ని.

నా కాపురం శ్రీకాకుళం. మాకు హార్డ్‌వేర్, పెయింట్ల కొట్టు ఉంది. మావారు బ్యాంకు పనులూ సరుకు తెప్పించడమూ చూసుకుంటారు, గల్లాలో కూర్చునేది నేను. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి కార్తీకంలో మా వాళ్లందరం వనభోజనాలకని కళింగపట్నం వెళ్లాం. భోజనాలయ్యాక ఆడవాళ్లం తీరం వెంబడి నడుస్తున్నాం. చేపలు ఎండబెట్టే చోట వాసనకి అందరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు. నేను తిరగలేదు. అక్కడ ఒక రాటకి ఆనించి సైకిలు ఉంది.

పడవలకి వేసే నీలం రంగు మందంగా వేసి ఉంది దానికి. హ్యాండిలుని తిరగేసి బిగించారు, కొమ్ములు పైకి లేచి ఉన్నాయి. గేర్లు లేవు. వెనక పెద్ద కేరియర్, దానికి తాళ్లతో కట్టిన గంప. ఇంకెవరైనా అయితే రెండోసారి చూడరు. కానీ ఆ గొట్టాల సన్నదనం, గొట్టాలు కలిసే చోట చెక్కినట్టుండే ఆ అతుకులు మన వైపు సైకిళ్లకి ఉండవు.

పక్కనే ఒక ముసలమ్మ చేపలు తిరగేస్తోంది. ఎక్కడిదమ్మా ఈ సైకిలు అని అడిగాను.

"మా ముసలోడిదమ్మా. ఆడెల్లిపోనాడు. ఇప్పుడు మా వోడు తొక్కతన్నాడు."

"ఎక్కడ కొన్నారు?"

"కొన్నామా ఏటి! ఇజీనారం సావుకారు ఇచ్చీసినాడు. ఈ కొట్లకి సరుకులేసీవోడు. కొత్తగా పెళ్లయినాదట, అత్తోరిచ్చిన సైకిలట. అందరికీ సూపించుకోడానికి లారీ మీదేసుకుని తెచ్చినాడు." అప్పటికే ఆమెకి నవ్వు ఆగడం లేదు. "ఎక్కినాడు. ఆ సావుకారికి తొక్కడం వస్తే గదా! ఆ వంపు హేండిలు పట్టుకోనేక, అల్లదిగో అక్కడ, తిన్నగా ఎల్లి ఎండుసేపల్లో పడిపోనాడు. తెల్ల లాల్చీ, జేబులో సేపలు, నెత్తిమీద సేపలు! మా ముసలోడే లేవదీసి కడిగినాడు. 'మావోళ్లకి తెలిస్తే పరువు పోతాది, ఎవుల కాడా అనకండి, ఈ సైకిలు మీరే ఉంచీసుకోండి' అనీసి ఎల్లిపోనాడు. మల్లా ఈ తీరం మొకం సూడనేదు."

గుడ్డు కూడా ముట్టని ఇంటి అల్లుడు చేపల్లో పడ్డాడు. నేనూ ఆమెతోపాటు నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడుపు వచ్చేసి ఇసకలో కూలబడ్డాను. నాన్న గుర్తొచ్చాడు. కొత్త అల్లుడు అబద్ధం ఎందుకు ఆడతాడని అడిగాడు కదా. ఇదిగో నాన్నా జవాబు, ఎండుచేపల కంపు కొడుతోంది అని చెప్పాలనిపించింది. చెప్పడానికి నాన్న లేడు. బావ ఉన్నాడు.

కొత్త సైకిలూ, వాళ్ల పడవకి సరిపడా రంగు డబ్బాలూ పంపించి ఆ సైకిలు తెచ్చుకున్నాను. ముసలమ్మ నాకు పిచ్చనే అనుకుని ఉంటుంది.

కొట్టు వెనక గదిలో పెట్టి రంగు తీయడం మొదలుపెట్టాను. ఏటా వేటకి పోయే ముందు పడవలకి రంగు వేసి గంగమ్మకి పూజ చేస్తారు కదా, మిగిలిన రంగు దీనికీ పూసేవారు. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, దాని కింద మళ్లీ నీలం, మధ్య మధ్య గడ్డకట్టిన కుంకుమ. ఆ పూతలే లేకపోతే ఉప్పుగాలికి ఈ ఉక్కు ఎప్పుడో పొడైపోయేది. రోజూ మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, రిమూవర్ రాసి, ఉబ్బిన రంగుని మెల్లగా గీకేదాన్ని. అడుగున ముదురు ఎరుపు కనిపించిన రోజు దాన్ని అరచేత్తో నిమిరాను.

ఆ మర్నాడు చూస్తే, సీటు కింది గొట్టం అడుగున, పెడళ్ల దగ్గర, రంగు కింద ఒక చిన్న కాగితం ముక్క అంటుకుని ఉంది. సగం చిరిగింది. మిగిలిన సగంలో 'మేడ్ ఇన్ తైవాన్' అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది.

నా సైకిలు జపానుది. మామయ్య చెప్పాడు, ఊరంతా చెప్పింది, పాతికేళ్లుగా నేనూ చెబుతున్నాను. అయితే ఇది నాది కాదా? బావలాగే ఇంకెవరో సావుకారు ఇంకో సైకిలు మీంచి పడ్డాడా? రెండు రోజులు ఆ గది తలుపు తీయలేదు. పగ తీర్చుకునే వీలు చేతిదాకా వచ్చి జారిపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

చివరికి ఫోటోలు తీసి, పాత సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఫోనులో నడుపుకునే ఒక గుంపులో పెట్టాను. ఒకాయన ఇది ఇటలీదే అని పట్టుబట్టాడు. ఇంకొకాయన, పెడళ్ల ఇరుసుకి కుడివైపున్న బిరడా ఎటు తిరిగి ఊడుతుందో చూడమన్నాడు. మరలంటే నాకు ఒకరు చెప్పాలా? రెంచి వేసి చూశాను. మామూలు మరలా ఎడమకి తిప్పితే బిగుసుకుంది, కుడికి తిప్పితే వదిలింది. ఇటలీవాటికి అక్కడ మామూలు మరే ఉంటుంది, అయితే ఇది ఇటలీది కాదన్నాడాయన. ఆ గొట్టం అడుగున కొట్టిన అంకెలూ, గొట్టాల అతుకులూ చూసి తైవాన్ చట్రమేనని తేల్చాడు. "బ్రేకుల మీద ఏముంది?" అని అడిగాడు. మసి తుడిచి చూశాను. జపాన్ అని ఉంది. ఆ రోజుల్లో చట్రం తైవాన్‌లో అతికి, బ్రేకులూ గేర్లూ జపాన్ నుంచి తెచ్చి బిగించి, ఏ దేశం వాళ్లు అడిగితే వాళ్ల పేరు రేకు మీద కొట్టి పంపేవారట. మామయ్య బ్రేకు మీదున్నది చదివాడు. అడుగున ఏముందో వంగి చూడలేదు. మేమూ చూడలేదు.

ఇక మిగిలింది ఒకటే. బీరువాలోంచి బిళ్ల తెచ్చాను. ముందు గొట్టం మీద రంగు గీకితే రెండు చిన్న రంధ్రాలు బయటపడ్డాయి. ఒకదాని అంచు సాగిపోయి ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టి పీకిన చోట. బిళ్లకి కూడా ఆ వైపు మూలే వంగి ఉంది. పెట్టి చూస్తే అతుక్కున్నట్టు కూర్చుంది. ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడి, "దొరికావు బావా," అని పైకే అన్నాను.

వెంటనే ఫోను చేసి తిట్టొచ్చు. అది నాకు చాలదు. అక్క కూతురి పెళ్లి కుదిరి ఉంది. అక్కే ఫోను చేసి, "అలకపాన్పు కాడ నువ్వుండాల. అల్లుడికి ఫోనిస్తన్నాం, పళ్లెం నువ్వే పట్టుకురావాల," అంది. అలాగే తెస్తానన్నాను. ఈలోగా హ్యాండిలు తిప్పి సరిచేసి, గేర్లు తెప్పించి, చక్రాలు మార్పించి సైకిలుని తయారు చేశాను. బిళ్ల మాత్రం బిగించలేదు. దాంతో పని ఉంది.

విజయనగరంలో ఫంక్షన్ హాలు. పూల మంచం మీద పెళ్లికొడుకు చక్కగా అలిగి కూర్చున్నాడు. చుట్టూ రెండు వైపుల చుట్టాలు, వీడియోవాళ్లు. బావ పట్టుపంచె సర్దుకుంటూ వియ్యంకుడి పక్కన నిలబడ్డాడు. నన్ను చూడగానే, "మరదలొచ్చింది, సైకిళ్లు..." అని మొదలుపెట్టాడు.

"లోపలే పెట్టాను బావా," అని పక్క గదిలోంచి సైకిలు నడిపించుకొచ్చాను.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ వ్యాపారస్థుడు, ఒక్క క్షణంలో సర్దుకున్నాడు. వంగి చూసి, "ఇది మనది కాదే. మనది జపానుది. దీని మీద తైవాన్ అని ఉన్నాది, సూడండి," అన్నాడు. ఆ మాట అంటాడని నాకు తెలుసు. ఆ కాగితం ముక్కని అందుకే తుడవకుండా ఉంచాను. పర్సులోంచి బిళ్ల తీసి రంధ్రాల మీద పెట్టాను. నేను ఆ బిళ్ల పీకినప్పుడు చూసిన పెద్దవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. మా పెద్దమ్మ ముందుకొచ్చి వేలితో తడిమి, "అదే బిళ్ల, అదే సైకిలు," అంది.

"దొంగ దొరికాడా మరి?" అని ఎవరో అడిగారు.

"ముందు బావని ఒక్క చుట్టు తొక్కమనండి, దొంగ సంగతి తర్వాత చెబుతాను," అన్నాను.

కుర్రకారు ఈలలు వేసి అతన్ని తోశారు. బావ హ్యాండిలు పట్టుకున్నాడు, కాలు ఎత్తాడు, దించాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. నేను దగ్గరికి వెళ్లి, "కళింగపట్నం సంగతి నేను చెప్పనా, మీరు చెబుతారా?" అన్నాను.

"నాకు తొక్కడం రాదు," అన్నాడు మెల్లగా.

"గట్టిగా."

"నాకు తొక్కడం రాదు. పడిపోనాను. అక్కడే ఇచ్చీసినాను. దొంగా లేడు, ఏటీ లేదు."

"నేనో?"

"నువ్వు కాదు."

పాతికేళ్లు ఎదురుచూసిన మాట. మైకులో అనిపించలేకపోయానన్నదే లోటు. ఒళ్లంతా తేలికైపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, ఈసారి నన్ను చూసి కాదు. చేపల మాట నేను ఎత్తలేదు. అది ఇంకోసారికి దాచుకున్నాను.

అప్పుడు మంచం మీదనుంచి పెళ్లికొడుకు పిలిచాడు. "చిన్నత్తయ్యగారూ, నాకు ఫోను వద్దు. ఈ సైకిలు ఇచ్చేయండి, అలక తీరిపోతుంది."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు. అలకపాన్పు ముందుకి తెచ్చిన వస్తువు అల్లుడిది. అది తెలియని ఆడది మాలో ఉండదు. పగలో పడి, ఎవరి ముందు పెట్టాలో అన్నీ ఆలోచించిన నేను, ఏ మంచం ముందు పెడుతున్నానో ఆలోచించలేదు. నా సైకిలుని నా చేతులతోనే రెండోసారి తెచ్చి ఇచ్చాను.

అక్క పక్కకి వచ్చి చెవి దగ్గర అంది. "ఇచ్చీవే. పిల్లడు ముచ్చటపడతన్నాడు."

"అక్కా, బావ అన్నది విన్నావు కదా."

"విన్నాను. నాకు కొత్తేటి? ఆ సేపల కంపు లాల్చీ ఉతికినదాన్ని నానే."

"నాన్నకి చెప్పలేదా?" అన్నాను.

"ఎలగ సెప్తానే? కొత్త కాపరం. మొగుడి పరువు తీసుకోమంటావా? నువ్వు సిన్నదానివి, నాలుగు రోజులు ఏడిసి మర్సిపోతావనుకున్నాను." అని నా చెయ్యి పట్టుకుంది. "పోనీ, ఇప్పుడు గొడవెందుకు? ఇచ్చీ."

నాన్న నన్ను నిలదీసిన రోజు అక్క ఆ పక్క గదిలోనే ఉంది. పండక్కి మొగుడితో పాటు అదీ వచ్చింది. అన్నీ వింది.

చెయ్యి విడిపించుకున్నాను. "ఇవ్వను," అన్నాను. అక్కకి కాదు, హాలు మొత్తానికి వినబడేలా అన్నాను.

ఎవరో నవ్వారు, వేడుకలో భాగమనుకుని. నేను సైకిలుని తిప్పి గుమ్మం వైపు నడిపించేసరికి నవ్వు ఆగిపోయింది. పెళ్లివారి ముందు ఇదేం పని అని మావారు వెనకనుంచి పిలిచారు. అక్క కూతురు పెళ్లిపీటల చీరలోనే ఏడుపు మొదలెట్టింది. దాని తప్పు ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా ఆగలేదు. మెట్లు దిగి, పట్టుచీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, ఎక్కి గేటు దాటాను.

ఆ తర్వాత ఆ ఇంటినుంచి నాకు పిలుపు లేదు. అక్క కూతురికి బాబు పుట్టాడని వేరేవాళ్లు చెబితే తెలిసింది. రోజూ పొద్దున్న కొట్టు తెరిచే ముందు నాగావళి వంతెన దాకా ఆ సైకిలు మీద వెళ్లి వస్తాను. మొన్న దారిలో బావ ఎదురయ్యాడు, కారు ఆపి బాగున్నావా అని అడిగాడు. బాగున్నాను బావా అన్నాను, నవ్వుతూనే. అతని మీద నాకిప్పుడు ఏ కోపమూ లేదు. అక్క మీద మాత్రం ఆ రోజే మొదలైంది.